ఫొటోలో ఖాళీ జాగా వృథానా? ఆకారం, నెగెటివ్ స్పేస్ గురించి ఒక సందేహం

నీలినీడ | సోమవారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఒక ఫొటో విషయంలో నాలుగు రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

మా తాతయ్య స్టూలు మీద కూర్చుని, ముందుకు వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. నేను గదికి ఇవతలి చివర నుంచి తీశాను. ఆయన ఫ్రేములో కుడివైపు కింది మూలన ఉన్నారు. మిగతాదంతా వెలిసిపోయిన లేత రంగు గోడ. దాని మీద పటం లేదు, కిటికీ లేదు, ఒక మేకు కూడా లేదు. కావాలని అలా తీయలేదు. దగ్గరికి వెళ్తే తలెత్తి చూస్తారని దూరం నుంచే నొక్కేశాను.

చూపిస్తే ఇద్దరు ఒకే మాట అన్నారు: "మనిషి ఫ్రేములో ఆరో వంతు కూడా లేడు, గోడంతా వేస్ట్, క్రాప్ చెయ్యి." చేశాను. ఇప్పుడు ఆయన వేళ్లు, లేసు ముడి, నుదుటి మీద గీతలు అన్నీ బాగా కనిపిస్తున్నాయి. కానీ ఫొటోలో ప్రాణం పోయింది. మొదటిదాంట్లో ఆయన ఎంత నిదానంగా కట్టుకుంటున్నారో తెలిసేది. రెండోదాంట్లో లేసు కడుతున్నారని మాత్రమే తెలుస్తోంది.

గోడలో ఏమీ లేదు కదా. మరి గోడ తీసేస్తే పోయిందేమిటి? రెండు ఫొటోలూ కింద పెట్టాను. దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.


పాతలెన్స్ | సోమవారం, ఉదయం 9:40

నీలినీడ గారూ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. మీ కన్ను చెప్పిందే నిజం. మొదటిదాన్ని చెరపకండి.

ఒక చిన్న పని చేయండి. తాతగారిని కాసేపు మరిచిపోయి గోడను మాత్రమే చూడండి. దానికో ఆకారం ఉంది. ఎడమవైపు నేల దాకా దిగింది. కుడివైపుకి వచ్చేసరికి ఆయన వీపు మీదుగా వంపు తిరిగి, మెడ దగ్గర లోపలికి వెళ్లి, మోకాలి ముందు మళ్లీ కిందికి జారింది. అంత పెద్ద లేత ముద్ద ఆయన వీపు మీదికి మెల్లగా వాలుతున్నట్టుంది. ఆయన వంగింది లేసు కోసమే. కానీ చూసేవాళ్లకు ఆ వంపులో ఇంకేదో బరువు తెలుస్తోంది. మీకు నిదానంగా అనిపించింది అదే. క్రాప్‌లో వీపుకీ ఫ్రేము అంచుకీ మధ్య సన్నటి పట్టీ మిగిలింది. ఆ పట్టీకి చెప్పుకోదగ్గ ఆకారమే లేదు. గోడ మోస్తున్న బరువు మీరు దించేశారు.

డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో ప్రచురించిన కూజా బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మధ్యలో కూజా, లేదంటే అటూ ఇటూ ఎదురెదురుగా రెండు ముఖాలు. కూజాను చూస్తున్నంతసేపు ముఖాలు వెనక్కి వెళ్లిపోయి వట్టి నేపథ్యం అయిపోతాయి. ముఖాల్ని పట్టుకోగానే కూజా మాయం. గీత ఒక్కటే, దాని మీద హక్కు మాత్రం ఒకసారికి ఒక్కరిదే. మనం కెమెరా పట్టుకున్నప్పుడు ఆ హక్కు ఎప్పుడూ మనిషికే ఇచ్చేస్తాం. ఖాళీ వైపు నుంచి కూడా ఆ గీతను ఒకసారి చూడాలి. వీపు గీత గోడకు కూడా అంచే.

ఇంకొకటి గమనించారా? ఆయన మోచేతికీ మోకాలికీ మధ్య చిన్న త్రిభుజం ఉంది, అందులోంచి గోడ కనిపిస్తోంది. అది మూసుకుపోయి ఉంటే ఆ దూరం నుంచి ఆయన ఒక మూటలా కనిపించేవారు. అరంగుళం ఖాళీ ఆయన్ని మనిషిగా నిలబెట్టింది.


చిన్నకెమెరా | సోమవారం, ఉదయం 11:05

నేను ఫోనుతోనే తీస్తాను. ప్రాథమిక ప్రశ్నే అడుగుతున్నాను. షేప్, ఫామ్ అని రెండు మాటలు వింటుంటాను. రెండూ ఒకటి కాదా? తెలుగులో రెంటినీ ఆకారం అనే అంటాం కదండి.


వెలుగురేఖ | సోమవారం, మధ్యాహ్నం 2:30

చిన్నకెమెరా గారూ, ఒక బంతిని కిటికీ ముందు పెట్టి, మీరు గది లోపల నుంచి చూడండి. నల్లటి చక్రం కనిపిస్తుంది. అది బంతో, పళ్లెమో, నాణెమో చెప్పలేరు. అది షేప్, అంటే వట్టి అంచుగీత. ఇప్పుడు మీరు పక్కకు నడిచి, కిటికీ వెలుగు బంతికి ఒక పక్క నుంచి పడేలా చూడండి. ఒకవైపు మెరుపు, తర్వాత మెల్లగా నీడ, అంచున మళ్లీ కాస్త వెలుగు. ఇప్పుడది గుండ్రంగా చేతికి అందేలా ఉంది. అది ఫామ్. నేను ఒకదాన్ని ఆకారం అనీ, రెండోదాన్ని నిండుదనం అనీ అనుకుంటాను. బంతి మారలేదు, వెలుగు వచ్చే దిక్కు మారింది అంతే.

నిండుదనానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికమ్ ఫొటో. దాన్ని ఒక రేకు గరాటు లోపల పెట్టి తీశాడు. గరాటు లోపలి గోడల నుంచి వెలుగు అన్ని వైపుల నుంచీ మెత్తగా తిరిగి పడి, ఆ కూరగాయ వీపు తిప్పుకుని కూర్చున్న మనిషి శరీరంలా కనిపిస్తుంది.

వట్టి ఆకారానికి ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ చిత్రం చూడండి. పైకి లేపిన పియానో మూత నల్లగా, పెద్దగా, ఫ్రేము నిండా. మనిషి ఎడమ కింది మూలలో చిన్నగా, తల చేతి మీద ఆనించి. ఆ మూతలో వివరం ఏమీ లేదు, ఒక్క నల్లటి ఆకారం, వెనక తెల్లటి గోడ. అయినా ఆ మూత సంగీత లిపిలో స్వరం తగ్గించే గుర్తులా ఉంటుంది. నీలినీడ గారి తాతగారు మూలలో ఉన్నట్టే స్ట్రావిన్‌స్కీ కూడా మూలలోనే ఉన్నాడు. ఎవరూ ఆయన్ని క్రాప్ చేసి దగ్గరికి తెమ్మనలేదు. నిజానికి న్యూమన్ క్రాప్ చేశాడు, బాగా కోశాడు కూడా. మనిషిని పెద్ద చేయడానికి కాదు, మూతకూ గోడకూ మధ్య ఆకారాలు గట్టిగా కుదరడానికి.


ఎడమచూపు | సోమవారం, రాత్రి 8:18

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, తప్పుగా అనుకోకండి. నెగెటివ్ స్పేస్, అంటే మనిషి చుట్టూ వదిలిన ఖాళీ, అనే మాట ఇప్పుడు ఒక ముసుగైపోయింది. చిన్న మనిషి, పెద్ద ఆకాశం. చిన్న పడవ, పెద్ద నీళ్లు. రోజుకు వందల ఫొటోలు వస్తున్నాయి, అన్నిటి కిందా "ప్రశాంతత" అని రాస్తున్నారు. చాలావాటిలో ఆకాశం ఎందుకు అంత ఉందంటే తీసినవాళ్లు దగ్గరికి నడవలేదు కాబట్టి. ఖాళీకి పని ఉండాలి. పని లేని ఖాళీ నిజంగానే వృథా.

నేను చేసే పరీక్ష ఇది. ఫొటోను తెర మీద పెట్టి, ఖాళీ ఉన్న వైపు అరచేత్తో కొంచెం కొంచెంగా మూసుకుంటూ వస్తాను. ఎక్కడో ఒకచోట ఫొటో "అబ్బా, ఇక చాలు" అంటుంది. ఆ గీత దాటి మూస్తే మనిషికి ఊపిరాడదు. ఆ గీత దాకా మూసినా ఏమీ పోకపోతే, అంత ఖాళీ అక్కర్లేదన్నట్టే.

నీలినీడ గారి ఫొటో మీద కూడా చేసి చూశాను. ఎడమ నుంచి వేలెడంత పోయినా ఏమీ కాలేదు. పై నుంచి మాత్రం చిటికెన వేలంత మూసినా నష్టమే. అంటే ఆ ఫొటోకు పైనున్న ఖాళీయే ముఖ్యం, పక్కది కాదు. పాతలెన్స్ గారు చెప్పిన బరువు పై నుంచే దిగుతోంది.


పాతలెన్స్ | మంగళవారం, ఉదయం 6:55

ఎడమచూపు గారి పరీక్ష బాగుంది, నేనూ ఇకమీదట వాడతాను. దగ్గరికి నడవకపోవడం గురించి అన్నదీ నిజమే.

కానీ ఖాళీయే ఫొటో మొత్తం అయిన సందర్భాలూ ఉన్నాయి. హిరోషి సుగిమోతో 1980 నుంచి తీస్తూ వస్తున్న సముద్రాలు చూడండి. పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. పైన గాలి, కింద నీరు, ఫ్రేముకు సరిగ్గా సగంలో దిగంత రేఖ. అందులో సబ్జెక్ట్ ఏది, ఖాళీ ఏది? రెండు దీర్ఘచతురస్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పొగమంచు ఉన్న చోట ఆ గీత కూడా కరిగిపోతుంది. దిగంతాన్ని మధ్యలో పెట్టకూడదని మనకు మొదటి రోజే నేర్పుతారు. ఆయన ఎన్నో ఏళ్లుగా మధ్యలోనే పెడుతున్నాడు. పైదానికీ కిందిదానికీ సమాన హక్కు ఇవ్వాలంటే అదే సరైన చోటు.

మైఖేల్ కెన్నా మంచులో తీసిన చెట్లు ఇంకో దారి. చతురస్రపు ఫ్రేము, తెల్లటి నేల, తెల్లటి ఆకాశం, మధ్యలో కంచె కర్రలో, ఒంటరి చెట్టో. పైకి ఎడమచూపు గారు చెప్పిన చిన్న పడవ రకమే అనిపిస్తుంది. కానీ కర్రకూ కర్రకూ మధ్య దూరాలు గమనించండి. పాటలో తాళం పడినట్టు పడి ఉంటాయి. అలా పడే చోటు దొరికేదాకా నడిచిన మనిషి అడుగులు ఆ ఫొటోలో ఉన్నాయి.


అక్షరాలగూడు | మంగళవారం, ఉదయం 10:20

నేను ఫొటోగ్రాఫర్ని కాదు, తెలుగు అక్షరాల ఫాంట్లు గీస్తాను. ఈ చర్చ మా పని గురించే అనిపించి రాస్తున్నాను.

ప, వ పక్కపక్కన రాసి చూడండి. ఒంపులు దాదాపు ఒకటే. ప పైన నోరు తెరిచి ఉంటుంది, వ మూసుకుని ఉంటుంది. రెంటినీ విడదీసేది ఆ కాస్త ఖాళీ. ఫాంటు బరువు పెంచి గీతలు లావు చేస్తున్నప్పుడు మేము ముందు కాపాడుకునేది ఆ ఖాళీనే. అది పూడుకుపోతే పలక వలక అవుతుంది. గీతను ఎంత అందంగా గీసినా లాభం లేదు. కొత్తగా వచ్చినవాళ్లు నల్లటి గీతను దిద్దుతూ ఉంటారు. చేయి తిరిగినవాళ్లు లోపలి తెలుపును దిద్దుతారు, గీత దానంతట అది కుదురుకుంటుంది.

ఇంకో మాట. లోపల ఏమీ లేని ఆ వలయాన్ని, అంటే ం అనే గుర్తును, మన వ్యాకరణం నిండుసున్న అంటుంది. సగం గీసినదాన్ని అరసున్న అంటుంది. గీత చుట్టూ తిరిగి వచ్చి కలిస్తే లోపలి ఖాళీ నిండినట్టే లెక్క. నీలినీడ గారి ఫొటోలో మోచేతి త్రిభుజం గురించి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది. అక్కడ గీత కలిసింది.


చిన్నకెమెరా | బుధవారం, సాయంత్రం 5:47

అందరూ చెప్పింది చదివి నిన్న, ఇవాళ ఒక ప్రయత్నం చేశాను. ఒక కుర్చీ తీసుకుని, కుర్చీని కాకుండా కాళ్ల మధ్య ఖాళీలనే తీయాలని నియమం పెట్టుకున్నాను. మొదటి పది ఫొటోల్లో కుర్చీనే తీశాను, నాకే తెలియకుండా. పదకొండో దాని నుంచి చూపు మారింది. కళ్లు కాస్త చికిలించి చూస్తే కర్ర మాయమై, మధ్యనున్న చతుర్భుజాలు ముందుకు వచ్చాయి. ఒక చోట వంగి చూసేసరికి మూడు ఖాళీలు మెట్లలా పేర్చినట్టు వచ్చాయి. చాలా సంతోషం వేసింది.

రెండు ఇబ్బందులు. గోడ నిజానికి తెల్లగా ఉంది, ఫోనులో మాసిపోయిన బూడిద రంగులో వస్తోంది. రెండోది, కుర్చీ వెనక కాలు తలుపు చట్రంతో అతుక్కుపోయి ఏది కాలో ఏది చట్రమో తెలియట్లేదు. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ పెడితే వెనక మసకబారింది కానీ, కుర్చీ కర్రల మధ్య జాగా కొన్నిచోట్ల స్పష్టంగా, కొన్నిచోట్ల మసగ్గా వచ్చి ఆకారం పాడైంది.


వెలుగురేఖ | బుధవారం, రాత్రి 9:15

పోర్ట్రెయిట్ మోడ్ ఇక్కడ ఆపేయండి. అది అంచును లెక్కగట్టి, మిగతాదాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసకబారుస్తుంది. జుట్టు, కర్రల సందులు, కళ్లజోడు ఫ్రేము లాంటి చోట్ల లెక్క తప్పుతుంది. మనం పని చేస్తున్నదే అంచుల మీద కాబట్టి అది మనకు పనికిరాదు.

గోడ బూడిద రంగు గురించి. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఏది చూసినా దాన్ని మధ్యరకం బూడిదగా తేవాలని చూస్తుంది. ఫ్రేములో ఎక్కువ భాగం తెల్లగా ఉంటే "వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. ఖాళీ ఎక్కువున్న ఫొటోల్లో ఇది తప్పకుండా వచ్చే సమస్య. ఫోనులో గోడ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత వేలు పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు వరకు పెంచండి (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపవుతుంది). సిల్హౌట్ కావాలంటే దీనికి తిరగేసి: వెనకున్న ఆకాశానికి మీటరు చేసి, అవసరమైతే ఒకటి రెండు స్టాపులు తగ్గించండి. మనిషి నల్లగా అయిపోయినా కంగారు పడకండి, కావాల్సింది ఆ నలుపే.

కాలు, చట్రం అతుక్కోవడానికి మందు లెన్సులో లేదు, మీ పాదాల్లో ఉంది. అరడుగు ఎడమకు జరిగి ఉంటే విడిపోయేవి. రెండు ఆకారాలు దూరంగా ఉంటే బాగుంటుంది, ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కినా పరవాలేదు, ఏది ముందో తెలుస్తుంది. అంచుకు అంచు సరిగ్గా తగిలి ఆగిపోతేనే కంటికి ముల్లులా ఉంటుంది. మనిషి తల దిగంత రేఖను తాకడం, చేయి ఫ్రేము అంచును తాకడం, ఇవన్నీ అదే రకం. నేను నొక్కే ముందు సబ్జెక్ట్‌ను వదిలేసి చుట్టూ అంచు వెంబడి ఒకసారి చూపు తిప్పుతాను. అర సెకను పని.

లెన్సు కొంత సాయపడుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 మి.మీ. లెన్సు మూల నుంచి మూలకు 84 డిగ్రీలు చూస్తుంది, 200 మి.మీ. లెన్సు 12 డిగ్రీలే. మనిషిని ఒకే సైజులో ఉంచి వెనక్కి జరిగి పొడుగు లెన్సు వాడితే, వెనక పడే జాగా చాలా చిన్న ముక్క అవుతుంది. ఆ చిన్న ముక్క శుభ్రంగా ఉన్న చోటు వెతుక్కోవడం తేలిక. కింద కూర్చుని తీస్తే మనిషి వెనక నేల బదులు ఆకాశం వస్తుంది. చాలాసార్లు అంతకంటే ఏమీ అక్కర్లేదు.


ఎడమచూపు | గురువారం, ఉదయం 8:02

నా మొన్నటి మాటకు కొనసాగింపు. ఖాళీ అనగానే అందరూ తెలుపు, ఆకాశం, మంచు అంటున్నారు. నెగెటివ్ స్పేస్ ఖాళీగానే ఉండాలని లేదు. గుంపులో వందమంది అటువైపు తిరిగి ఉండి ఒక్క పిల్ల మాత్రం ఇటు చూస్తుంటే, ఆ వందమంది వీపులే నెగెటివ్ స్పేస్. ఒకే తీరుగా ఉండి, చూపును ఆపకుండా జారనిచ్చేది ఏదైనా సరే: ఆకులు, ఇటుకలు, గులకరాళ్లు. నీడ కూడా.

ఫాన్ హో 1954లో హాంకాంగ్‌లో తీసిన ఫొటో తెలుసు కదా. తెల్లటి ఎత్తైన గోడ, దాని అడుగున ఆనుకుని నిలబడిన ఒక అమ్మాయి, పై నుంచి ఏటవాలుగా ఆమె పాదాల దాకా దిగిన నల్లటి నీడ. ఆ నీడ అక్కడ పడింది కాదు, డార్క్‌రూములో ఆయన చేర్చింది. ఫిల్ము నెగెటివ్‌లో ఉన్నది గోడ, అమ్మాయి మాత్రమే. ఆ ఖాళీకి రెండో ఆకారం కావాలని ఆయనకు తోచింది. నాకు మోసం అనిపించదు. ఖాళీని కూడా చేత్తో చెక్కాలని అనుకున్న మనిషి పని అది.

కార్టియర్-బ్రెసన్ 1932లో పారిస్ రైల్వే స్టేషను వెనక తీసిన, నీళ్ల మీదుగా దూకే మనిషి ఫొటో గురించి కూడా చెప్పాలి. అందరూ దూకుడు చూస్తారు. మడమకూ నీళ్లలోని దాని నీడకూ మధ్య మిగిలిన సన్నటి సందును చూడండి. ఆ సందు మూసుకుపోతే నీళ్లు చిందిన ఫొటో అవుతుంది, ఇంకా పెద్దదైతే వట్టి గెంతు అవుతుంది. క్రాప్ అంటే ఇష్టపడని మనిషి, దీన్ని మాత్రం చేశాడు, కంచె సందులోంచి తీయడం వల్ల ఒకవైపు అడ్డం పడింది. కాబట్టి నీలినీడ గారూ, క్రాప్ చేయడం తప్పు కాదు. ఏ ఖాళీని కోస్తున్నామో తెలిసి కోయాలి.


తడిఇసుక | గురువారం, మధ్యాహ్నం 1:36

నేను సముద్రం ఒడ్డున ఎక్కువ తీస్తాను. ఒక ఆచరణ సంగతి చెప్పాలి, ఎందుకంటే దానివల్ల నాకు ఒక పెద్ద ప్రింటు పోయింది.

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగును తగ్గించే ముదురు గాజు, లెన్సుకు పెడితే సెకనులో 30వ వంతు ఎక్స్‌పోజర్ 30 సెకన్లు దాటుతుంది. అలలన్నీ కలిసిపోయి నీరు పాలగచ్చులా అవుతుంది, రాళ్ల ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఖాళీని తయారు చేసుకునే మంచి పద్ధతి. కానీ ఖాళీ ఏ తప్పునూ దాచిపెట్టదు. సెన్సర్ మీద దుమ్ము ఉంటే ఎఫ్/16 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసినప్పుడు, ఆకాశంలో చిన్న చిన్న మసక చుక్కలుగా తేలుతుంది. కొండలో, చెట్లలో అయితే కనిపించదు. నా ప్రింటు గోడకెక్కాక గానీ నేను ఆ చుక్క చూడలేదు. తర్వాత దాన్ని తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

రెండోది మెట్లు పడటం. లేత ఆకాశం ఒక మూల నుంచి ఇంకో మూలకు నెమ్మదిగా రంగు మారుతుంది కదా. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. దాన్ని ఎడిటింగ్‌లో సాగదీస్తే పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు, అందుకే ఖాళీ ఎక్కువున్న ఫొటోలు రాలోనే తీయండి. వెడల్పు లెన్సుకు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టినా ఆకాశం ఒకచోట ముదురుగా, ఇంకోచోట లేతగా వస్తుంది. జాగ్రత్త.

నీలినీడ గారూ, ప్రింటుకు ఇచ్చే ముందు గోడను నూటికి నూరు శాతం జూమ్ చేసి మూల నుంచి మూలకు ఒకసారి చూసుకోండి.


నీలినీడ | శుక్రవారం, రాత్రి 10:31

ఇన్ని రోజులు జవాబివ్వకపోయినా రోజూ చదువుతూనే ఉన్నాను. అందరికీ కృతజ్ఞతలు.

ఎడమచూపు గారు చెప్పినట్టు అరచేత్తో చూశాను, ఎడమ నుంచి కొంచెం కోశాను, పైన ముట్టుకోలేదు. పాతలెన్స్ గారూ, మీరు ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదేమో గానీ, ఎడమ తగ్గించేసరికి గోడ ఇంకా ఎత్తుగా అనిపిస్తోంది.

తడిఇసుక గారు చెప్పారు కదా అని జూమ్ చేసి చూస్తే నిజంగానే ఒక మరక దొరికింది. ఫ్రేము మధ్యకు కొంచెం పైన, గోడ మీద గుండ్రంగా ఏదో ఉంది. చుట్టుపక్కల గోడ కంటే పిసరంత తెల్లగా ఉంది. దుమ్మేనా? క్లోన్ టూల్‌తో తీసేయనా? ఇంకో సందేహం కూడా: తాతయ్య ముఖం కుడివైపు, అంటే ఫ్రేము బయటి వైపుకు ఉంది. చూపు ముందు ఖాళీ వదలాలని అంటారు కదా, నేను వీపు వెనక వదిలాను. తప్పా?


పాతలెన్స్ | శనివారం, ఉదయం 7:20

చూపు ముందు జాగా వదిలితే మనిషి ఎక్కడికో వెళ్తున్నట్టు, ఏదో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. వీపు వెనక వదిలితే, వచ్చిన దారి పొడుగ్గా కనిపిస్తుంది. తాతగారి వయసుకు, ఆ వంపుకు మీ ఫొటోలో రెండోదే సరిపోయింది. పైగా ఆయన దూరంగా దేన్నీ చూడట్లేదు, బూటును చూస్తున్నారు. చూపు కిందికి ఉంది కాబట్టి కుడి అంచు అడ్డు తగలడం లేదు. ఆ నియమాన్ని ఇక్కడ పక్కన పెట్టండి.

మీకింకా అనుమానంగా ఉంటే ఫొటోను తలకిందులుగా తిప్పి చూడండి. పాత పెద్ద కెమెరాల్లో గాజు పలక మీద బొమ్మ తలకిందులుగానే పడేది. తాతయ్య, బూటు, గోడ అనే పేర్లు పోయి ముదురు ముద్ద, లేత ముద్ద మాత్రమే మిగులుతాయి. నేను ఫిల్ము రోజుల్లో చూపు నేర్చుకున్నది ఆ పలక మీదే.


తడిఇసుక | శనివారం, ఉదయం 9:03

ఆ మరక సెన్సర్ దుమ్ము కాదండి. దుమ్ము చుట్టూ కంటే ముదురుగా, చిన్న చుక్కలా ఉంటుంది. మీరు చెప్పింది పెద్దది, లేతది. అదే రోజు తీసిన వేరే ఫొటోలు చూడండి. దుమ్మైతే ప్రతి ఫొటోలోనూ ఫ్రేములో అదే చోట ఉంటుంది. కెమెరా కదిలినా గోడ మీద అదే చోట ఉంటే అది గోడదే. తెలుసుకునేదాకా చెరపకండి.


నీలినీడ | ఆదివారం, సాయంత్రం 6:48

మిగతా ఫొటోల్లో కూడా అది గోడ మీద ఒకే చోట ఉంది. అంటే గోడదే. ఇవాళ చిన్న సైజులో ఒక ప్రింటు తీసి తాతయ్యకు చూపించాను. తన ముఖం చూసుకుంటారని అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని, తిన్నగా ఆ గుండ్రటి మచ్చ మీద వేలు పెట్టారు. "ఇక్కడ గడియారం ఉండేది. మీ నాయనమ్మ పోయాక ఆగిపోయింది, నేనే తీసేశాను" అన్నారు. ముప్పై ఏళ్లు గడియారం కింద ఉన్న చోట గోడ మాసిపోలేదు.

దాన్ని చెరపలేదు. కాంట్రాస్టు కూడా పెంచలేదు, వెతికితేనే కనబడేంత ఉంచాను. రేపు పెద్ద ప్రింటుకు ఇస్తున్నాను. లేత గోడ తెల్ల కాగితంలో కలిసిపోయి పై అంచు ఎక్కడుందో తెలియడం లేదు, అందుకని చుట్టూ సన్నటి బూడిద గీత పెట్టమంటున్నాను. ఫ్రేములో ప్రింటు చుట్టూ పెట్టే అట్ట, అదే మాట్, తెలుపు బాగుంటుందా, కొంచెం ముదురుదా, ఎవరైనా చెప్పగలరా?


వెలుగురేఖ | ఆదివారం, రాత్రి 9:26

గోడ కంటే ఒక్క మెట్టు ముదురుది తీసుకోండి. తెల్ల మాట్ పెడితే గోడ మాసినట్టు కనిపిస్తుంది, ఆ మచ్చ పూర్తిగా పోతుంది. వేలాడదీసేటప్పుడు ఎదురుగా కిటికీ లేకుండా చూసుకోండి, గాజు మీద మెరుపు పడితే మొదట పోయేది అదే.